మనోళ్లు ఓడిన రాత్రి

గోల్ ముందు మా పైకప్పు మీద పడింది. టీవీలోకి రావడానికి ఇంకో అరనిమిషం పట్టింది.

2024 జూన్ 14, శుక్రవారం. రాత్రి తొమ్మిది దాటింది. యూరో కప్ మొదటి మ్యాచ్, మ్యూనిక్‌లో జర్మనీకీ స్కాట్లాండ్‌కీ. నేనుండేది స్టుట్‌గార్ట్‌లో, బాడ్ కాన్‌స్టాట్ పేటలో. పాతకాలపు నాలుగంతస్తుల ఇంట్లో రెండో అంతస్తు. సోఫా మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. నా టీవీలో బంతి ఇంకా మైదానం మధ్యలో తీరుబడిగా తిరుగుతోంది. ఉన్నట్టుండి పైన దబదబా అడుగులు, ఒక గావుకేక, అలమరలో గాజు సామాన్లు గలగలమన్న చప్పుడు. ఏమైందా అని తలెత్తి చూశాను. పైకప్పు ఏం చెబుతుంది! తల దించేసరికి బంతి విర్ట్స్ కాలి దగ్గరికి వచ్చింది. కొట్టాడు. గోల్.

కారణం మామూలుదే. పైవాళ్లది డిష్, నాది ఇంటర్నెట్ మీద వచ్చే ప్రసారం. నెట్‌లో బొమ్మను ముక్కలుగా కోసి పంపి, కొన్ని పోగయ్యాక గానీ చూపించరు. ఆ రాత్రి జర్మనీ 5-1తో గెలిచింది. ఆ అయిదు గోల్సూ నాకు ముందు పైకప్పు చెప్పింది, తర్వాత టీవీ చూపించింది. 87వ నిమిషంలో రూడిగర్ తలకు తగిలి బంతి సొంత గోల్‌లోకే పోయింది చూడండి, స్కాట్లాండ్ లెక్కలో పడ్డ ఆ ఒక్కటే నాకు తాజాగా దక్కింది. దానికి పైన ఎవరూ గెంతలేదు.

పైన ఉండేది ఇద్దరే, ఎనభై ఏళ్ల పెద్దాయన, ఆయన భార్య. ఆయన ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆరేళ్లుగా ఒకే మెట్లెక్కి దిగుతున్నాం. ఆ ఆరేళ్లలో మేం మాట్లాడుకున్నది ఒకే విషయం, కేర్‌వొఖె. అంటే 'ఊడ్పు వారం' అనుకోండి. స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల ప్రాంతాన్ని ష్వాబియా అంటారు. అక్కడి ఇళ్లలో మెట్లు, వసారా, ఇంటి ముందు కాలిబాట వారానికొకరు వంతులవారీగా ఊడ్చి తుడవాలి. ఎవరి వంతైతే వాళ్ల తలుపుకు చిన్న పలక వేలాడుతుంది. మిగతా జర్మనీ అంతా ష్వాబులను ఈ అలవాటు మీదే ఏడిపిస్తుంది. మా ఇంట్లో ఆ పలక తెచ్చి నా తలుపుకు తగిలించేది ఆయనే. తగిలించి, మూల మెట్టు దగ్గర వేలితో రాసి చూసి, "పోయిన వారం ఇక్కడ మీరు సరిగా తుడవలేదు" అనేవాడు.

మీరు అనే అనేవాడు. జర్మన్‌లోనూ మనలాగే మీరూ నువ్వూ ఉన్నాయి. మీరు అనడానికి 'జీ', నువ్వు అనడానికి 'డు'. కరీంనగర్‌లో పెరిగినవాణ్ని కాబట్టి మర్యాదకు జీ అనడం నాకు కొత్తేం కాదు. డు దగ్గరే చిక్కంతా. మనకు చనువు పెరిగితే మీరు దానంతటదే నువ్వులోకి జారుతుంది. ఇక్కడ అలా జారదు. పెద్దవాళ్లు పిలిచి, ఇకమీదట డు అనుకుందాం అని చెప్పాలి. అప్పటిదాకా పదేళ్లయినా జీనే. ఒక్క ఫుట్‌బాల్ స్టేడియం మెట్ల మీద మాత్రం ఈ రూలు చెల్లదు. అక్కడ అందరూ అందరికీ డు.

నేను మాస్టర్స్ కోసం ఇక్కడికి వచ్చింది 2013లో. మరుసటి ఏడే ప్రపంచ కప్. వాళ్ల ఆట నాకు ఒంటబట్టలేదనడానికి జులై 8 రాత్రే సాక్ష్యం. బ్రెజిల్‌తో సెమీఫైనల్. ఫైహింగెన్ హాస్టల్ వంటింట్లో ఇరవై మందిమి. 11వ నిమిషంలో ముల్లర్ గోల్ కొడితే అందరం గంతులేశాం. 23 నుంచి 29వ నిమిషం లోపల ఇంకో నాలుగు పడ్డాయి. మొదటిది క్లోజ్‌ది. దాంతో ప్రపంచ కప్‌లలో అతని గోల్స్ పదహారు, బ్రెజిల్ రొనాల్డో రికార్డు పోయింది. ఆఖరిది ఖెదీరాది, స్టుట్‌గార్ట్‌లోనే పుట్టినవాడు. 'మావాడే' అని వంటింట్లో ఎవరో అన్నారు. అన్నది కూడా నెమ్మదిగానే. అప్పటికే గదిలో గోల తగ్గిపోయింది. 5-0 అయ్యాక ఒక క్లాస్‌మేట్ సీసా కింద పెట్టి మొహం తుడుచుకున్నాడు. తెర మీద పసుపు చొక్కాల పిల్లలు ఏడుస్తున్నారు. రెండో సగంలో షుర్లె ఆరోదీ ఏడోదీ కొడితే వంటింట్లో ఈల వేసింది ఒకే ఒక్కడు, కరీంనగర్ నుంచి వచ్చినవాడు. పక్కనున్నవాడు నా మోచేయి పట్టుకుని, "చాల్లే" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మన దగ్గరైతే ఇలాంటి గెలుపుకు తెల్లారేదాకా బాణసంచా కాలుస్తారు కదా! విరామంలోనే ఆటగాళ్లు అనుకున్నారట, ఎదుటివాళ్లను వెక్కిరించే ఆట ఆడొద్దని. హుమ్మెల్స్ తర్వాత చెబితే చదివాను. అయిదు రోజులకు మరకానాలో ఫైనల్. 113వ నిమిషంలో గోట్జె గోల్. ఆ రాత్రి ఈ దేశంలో 3 కోట్ల 46 లక్షల మంది టీవీల ముందున్నారు. అంతకుముందెప్పుడూ ఏ కార్యక్రమానికీ అంతమంది కూర్చోలేదు. మ్యాచ్ అవగానే థియోడోర్ హాయిస్ వీధిలో కార్ల ఊరేగింపు. హారన్ కొడితే తప్పుగా చూసే దేశంలో అర్ధరాత్రి దాటాక కూడా హారన్లు మోగుతూనే ఉన్నాయి. ఎవరో నన్ను భుజానికెత్తుకున్నారు. పెళ్లికి పోయిన చుట్టానికి జరిగే మర్యాదలన్నీ జరిగాయి.

నేను చుట్టాన్నని అప్పటికి నాకు తట్టలేదు. ఆ మాట నాలుగేళ్ల తర్వాత ఒక కొలీగ్ నా మొహం మీదే అన్నాడు.

ప్రపంచ కప్పో యూరో కప్పో వచ్చిందంటే ఇక్కడి ఆఫీసుల్లో 'టిప్‌ష్పీల్' పెడతారు. ప్రతి మ్యాచ్‌కూ స్కోరు ముందే రాసివ్వాలి. సరిగ్గా చెబితే నాలుగు పాయింట్లు, గెలిచేదెవరో మాత్రమే చెబితే రెండు. 2018 ప్రపంచ కప్‌లో కొరియాతో మ్యాచ్‌కు నేను జర్మనీ 4-0 అని రాశాను. అన్నం పెడుతున్న దేశం, అంతకు తక్కువ రాయడానికి చేయి రాలేదు. మిగతా టీం అంతా జర్మన్లే. వాళ్లు 1-0, 2-1 రాశారు. ఇద్దరు డ్రా అన్నారు. జూన్ 27, బుధవారం, సాయంత్రం నాలుగింటికి క్యాంటీన్‌లో ప్రొజెక్టర్ పెట్టారు. ఇలా గుంపుగా చూడడాన్ని జర్మన్లు ఇంగ్లిష్‌లో 'పబ్లిక్ వ్యూయింగ్' అంటారు. 2006లో పాకిన మాట. అమెరికాలో ఆ మాటకు శవాన్ని ఆఖరిచూపుకు ఉంచడం అనే అర్థం కూడా ఉంది. మ్యాచ్ జరిగిన కజాన్‌లో ఆ రోజు జరిగింది అదే. అదనపు నిమిషాల్లో కొరియా ఒక గోల్ కొట్టింది. ఎలాగైనా సమం చేయాలని గోల్‌కీపర్ నోయర్ తన గోల్ వదిలేసి కొరియా సగంలోకి పోయాడు. అక్కడ బంతి పోగొట్టుకున్నాడు. అవతలి నుంచి పొడుగ్గా ఒక పాస్. ఖాళీ గోల్ వైపు సన్ హ్యూంగ్ మిన్ పరుగు. 2-0. 1938 తర్వాత జర్మనీ మొదటి రౌండ్‌లోనే ఇంటికి రావడం అదే మొదలు.

క్యాంటీన్ ఒక్కసారిగా భగ్గుమంది. కోచ్ లోవ్‌ను తిట్టనివాడు లేడు. ఈ దేశంలో ఎనిమిది కోట్ల మంది కోచ్‌లున్నారని వాళ్లే చెప్పుకుంటారు. మన దగ్గర టీ కొట్టు దగ్గర నిలబడ్డ ప్రతివాడూ సెలెక్టరే కదా, అలాగన్నమాట. నాకు జాలేసి, "పాపం, బాగానే ఆడారు, అదృష్టం లేదు" అన్నాను. కొలీగ్ నావైపు తిరిగాడు. కోపం లేదు, నవ్వాడు. "నీకేం, ఎంత మర్యాదైనా చేయగలవు. చుట్టానివి" అన్నాడు.

ఇంటికి పోతూ రైల్లో ఆ మాటే నమిలాను. చుట్టం భోజనానికి వస్తే కూరలో ఉప్పెక్కువైనా బాగుందంటాడు. కంచం పక్కకు నెట్టి అమ్మ మీద విసుక్కునేది ఇంటి కొడుకు.

అయితే తిట్టడం అందరికీ ఒకే ధరకు దొరకదు. ఆ సంగతి మా వీధి చివర డోనర్ కబాబ్ కొట్టాయన చెప్పేదాకా నాకు తట్టలేదు. ఆయన పుట్టింది కాన్‌స్టాట్‌లో, వాళ్ల నాన్న వచ్చింది టర్కీ నుంచి. 2024 జూన్ అంతా కొట్టు గుమ్మానికి రెండు జెండాలు పక్కపక్కనే కట్టి, టీవీ బయటికి తిప్పి పెట్టాడు. జులై 2న టర్కీ 2-1తో ఆస్ట్రియాను ఓడించిన రాత్రి కాన్‌స్టాట్‌లో నిద్రపోయినవాళ్లు లేరు. అప్పుడాయన ఓజిల్ మాట ఎత్తాడు. గెల్జెన్‌కిర్షెన్‌లో పుట్టిన ఓజిల్ జర్మనీకి 92 మ్యాచ్‌లు ఆడాడు, 2014 కప్పు గెలిచిన టీంలో ఉన్నాడు. 2018 మేలో టర్కీ అధ్యక్షుడు ఎర్దొగాన్‌తో ఫొటో దిగాడు. జర్మనీకే ఆడుతున్న గుండొగాన్ కూడా దిగాడు. ప్రపంచ కప్‌కు ముందు సొంత ప్రేక్షకులే గుండొగాన్‌ను ఈలలతో గేలి చేశారు. కొరియా చేతిలో ఓటమి తర్వాత జులైలో ఓజిల్ దేశపు చొక్కా విడిచేశాడు. గెలిస్తే జర్మన్‌ని, ఓడితే వలసవాణ్ని అయిపోతున్నానని ఆ ప్రకటనలో రాశాడు. ఆరేళ్లకు అదే గుండొగాన్ యూరో కప్‌లో కెప్టెన్. అది మార్పు కాదా అన్నాను. కొట్టాయన మాంసం కోస్తూ అడిగాడు, "టోర్నమెంట్ ముందు సర్వే చూశావా?" చూశాను. టీంలో తెల్లవాళ్లు ఇంకొంచెం ఎక్కువుంటే బాగుండునని 21 శాతం మంది చెప్పారు. అసలు అలాంటి ప్రశ్న అడగడమేంటని కోచ్ నాగెల్స్‌మన్ మండిపడ్డాడు కూడా. "నువ్వు ఈ టీంను తిడితే జనం నవ్వుతారు, ఇండియావాడికి కూడా మన ఆట పట్టిందే అని" అన్నాడు కొట్టాయన. "నేను తిడితే, అసలు నీది ఏ దేశం అంటారు. ఇక్కడే పుట్టినోణ్ని!" పొట్లం నా చేతిలో పెట్టి, కారం ఎక్కువేశానన్నాడు. నాకు ఎప్పుడూ ఎక్కువే వేస్తాడు.

2022 ప్రపంచ కప్ సంగతి తొందరగా చెప్పేస్తాను, అది చలికాలంలో వచ్చింది. స్టేడియాలు కట్టిన కూలీలను ఎలా చూశారో తెలిశాక జర్మనీలో చాలా బార్లు ఖతార్ మ్యాచ్‌లు చూపించబోమన్నాయి. మా సందు చివర బారు తలుపుకూ అలాంటి కాగితమే అంటించారు. అది చదువుతూ నిలబడ్డప్పుడే ఫోన్ మోగింది. దోహాలో డ్రైవరుగా చేసే మా చిన్నమ్మ కొడుకు, జగిత్యాల పిల్లాడు. వీడియోలో వాడి వెనక గుడారం లాంటి పెద్ద కప్పు, అల్ బైత్ స్టేడియం. ఖతార్‌లో ఉండేవాళ్లకు నాలుగో తరగతి టికెట్ 40 రియాళ్లకు ఇచ్చారు. "అన్నా, మీ జర్మనీ ఆడుతున్నది జూడు!" అని కేకేశాడు. ఎవరి కోసం ఈ బారు టీవీ కట్టేసిందో వాడు అక్కడ ఈలలేస్తున్నాడు. అలాగని కాగితం అంటించినవాళ్లు తప్పని అనలేను. గల్ఫ్ నుంచి పెట్టెలో వచ్చినవాళ్లు మా మండలంలోనూ ఉన్నారు. ఇవతల కాగితం, అవతల వాడి నవ్వు. రెండింటి మధ్యా కాసేపు నిలబడి ఇంటికొచ్చేశాను. స్పెయిన్‌తో ఆ మ్యాచ్ 1-1. నాలుగు రోజులకు జర్మనీ మళ్లీ మొదటి రౌండ్‌లోనే ఇంటిదారి పట్టింది.

మళ్లీ 2024కు వద్దాం. ఈసారి పండగ వీళ్లింట్లోనే. రాత్రి పదయితే గట్టిగా దగ్గడానికి కూడా ఆలోచించే దేశం ఇది. పది తర్వాత ఆరుబయట తెరల మీద మ్యాచ్‌లు చూస్తూ గోల చేసుకోవచ్చని ప్రభుత్వం ప్రత్యేకంగా ఒక ఉత్తర్వు తెచ్చింది. గోలకు కూడా జీవో ఉండాలంటే జర్మనీయే! మా ఊరి ప్యాలెస్ చౌరస్తాలో పెద్ద తెరలు లేచాయి. గులాబీ రంగు జర్మనీ చొక్కాను మొదట వెక్కిరించినవాళ్లే తర్వాత కొనడానికి వరస కట్టారు.

జూన్ 19న హంగరీతో మ్యాచ్ మా స్టుట్‌గార్ట్‌లోనే, మా ఇంటి నుంచి నడిచిపోయేంత దూరంలో. ఆ రోజు ఒక విచిత్రం జరిగింది. గాలిలో శబ్దానికి కిలోమీటరు దాటడానికి మూడు సెకన్లు చాలు. డిష్‌కు సిగ్నల్ ఆకాశం దాకా పోయి రావాలి. దాంతో ముసియాలా గోల్ కొట్టినప్పుడు యాభై వేల గొంతుల కేక కిటికీలోంచి ముందొచ్చింది, పెద్దాయన గెంతింది తర్వాత, నా టీవీ ఆఖర్న. గుండొగాన్ రెండో గోల్‌కూ అంతే. మ్యాచ్ అయ్యాక బాల్కనీలోకి పోతే ఆయన పై బాల్కనీ నుంచి వంగి చూస్తున్నాడు. మొహం చిన్నబోయింది. "మీకు ఎంత ఆలస్యంగా వస్తుంది?" అని అడిగాడు. అరనిమిషం అన్నాను. ఆయన నిజంగానే బాధపడ్డాడు. "అరనిమిషమా! అది మ్యాచ్ చూడడం కాదు, పేపరు చదవడం. ఆదివారం పైకి రండి."

అలా ఆరేళ్ల తర్వాత మూడో అంతస్తు గడప దాటాను. స్విట్జర్లాండ్‌తో మ్యాచ్. గదిలో ఎక్కడా జెండా లేదు. అడిగితే, "మా నాన్న కాలంలో అందరూ చూడాల్సినన్ని జెండాలు చూశారు" అన్నాడు. 2006 ప్రపంచ కప్ ఇక్కడ జరిగినప్పుడే జనం మొహమాటం లేకుండా కార్లకూ కిటికీలకూ జెండాలు కట్టారట. ఈయన అప్పుడూ కట్టలేదు. ఆవిడ మాత్రం బుగ్గ మీద మూడు రంగులు పూసుకుని ప్యాలెస్ చౌరస్తాకు పోయిందట. ఫైనల్ బెర్లిన్‌లో, వీళ్లకు దక్కింది స్టుట్‌గార్ట్‌లో మూడో స్థానం మ్యాచ్. అయినా బెర్లిన్ కన్నా మా ఊరే అందమని గొంతు పోయేలా పాడామని చెప్పింది.

పెద్దాయనకు గుర్తున్న మొదటి మ్యాచ్ 1954 ఫైనల్. బెర్న్‌లో, నాలుగేళ్లుగా ఓటమి ఎరగని హంగరీ మీద. అప్పుడాయనకు పదేళ్లు. ఊళ్లో ఉన్న ఒక్క సత్రంలో ఒక్క రేడియో. గది నిండిపోతే పిల్లలను కిటికీ బయట నిలబెట్టారు. 84వ నిమిషంలో రాన్ జర్మనీకి మూడో గోల్ కొట్టినప్పుడు లోపల పెద్దమనుషులు ఏడుస్తుంటే ఓడిపోయామనుకుని తనూ ఏడ్చాడట. "మీ దగ్గర ఫుట్‌బాల్ లేదా?" అని అడిగాడు. లేదు, మాది క్రికెట్ అన్నాను. అది అబద్ధమని నాకు కొన్నాళ్లకు తెలిసింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియాను సెమీఫైనల్‌కు తీసుకెళ్లిందీ, 1962లో జకార్తా ఏషియాడ్ బంగారం తెచ్చిందీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ ఆయన, బడిపంతులు. ఆ టీంలో తులసీదాస్ బలరాం మన సికింద్రాబాద్ వాడు. కరీంనగర్ నుంచి హైదరాబాద్ మూడు గంటల దారి. నేను ఈ సంగతి స్టుట్‌గార్ట్‌లో కూర్చుని చదువుకున్నాను.

ఆ ఆదివారం నేనింకా చుట్టాన్నే. సోఫా అంచున కూర్చుని, చేతిలో నీళ్ల గ్లాసుతో, ప్రతి పాస్‌నూ మెచ్చుకున్నాను. ఆయన ప్రతి పాస్‌నూ తిట్టాడు. 92వ నిమిషంలో ఫుల్‌క్రుగ్ తలతో కొట్టి 1-1 చేస్తే, "ఇంత ఆలస్యంగానా!" అని అతన్నీ తిట్టాడు.

జూన్ 29 శనివారం. ఆ తేదీ తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. బార్బడోస్‌లో టీ20 ప్రపంచ కప్ ఫైనల్. ఇక్కడ సాయంత్రం నాలుగున్నరకు మొదలై ఎనిమిదింటికి ముగిసింది. బయట ఇంకా ఎండ. బౌండరీ గీత దగ్గర సూర్యకుమార్ క్యాచ్ పట్టినప్పుడు ఆ ఇంట్లో గెంతింది నేను. ఏడు పరుగులతో గెలిచాం. కళ్లు తుడుచుకుని, అమ్మ పంపిన సకినాల డబ్బా పట్టుకుని తొమ్మిదింటికి పైకి పోయాను. డెన్మార్క్‌తో ఆట. కింద నుంచి వచ్చిన చప్పుడేంటని ఆవిడ అడిగింది. కప్పు గెలిచాం అన్నాను. సకినాన్ని వేళ్లతో తిప్పి తిప్పి చూసి, "ఇది మీ బ్రెట్సెల్ అన్నమాట" అంది. కాదనడానికి నా దగ్గర కారణం లేదు. అదీ గుండ్రంగా చుట్టిందే, అదీ ఉప్పదే. నువ్వులు, వాము గురించి చెప్పబోతుంటే డోర్ట్‌మండ్‌లో ఉరుములు మెరుపులతో మ్యాచ్ ఆపేశారు. దాదాపు అరగంట. ఆ అరగంటలో డబ్బా సగమైంది.

మళ్లీ మొదలయ్యాక డెన్మార్క్ డిఫెండర్ ఆండర్సన్ చేతికి బంతి తగిలిందన్నారు. తెర మీద ఒక గీత, గుండె కొట్టుకుంటున్నట్టు. పెద్దాయన అయోమయంగా చూశాడు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. అది మన స్నికో కదా! బంతిలో చిప్ పెట్టారు, చేతికి తాకగానే గీత లేస్తుంది, మా క్రికెట్‌లో బ్యాటు అంచుకు తగిలిందో లేదో చూడ్డానికి ఎప్పటినుంచో వాడుతున్నాం అని, తుడుచుకునే కాగితం మీద గీసి చూపించాను. పెనాల్టీ, హావెర్ట్స్, గోల్. 2-0తో గెలిచాక ఆవిడ ఖాళీ అవుతున్న డబ్బా మూత పెట్టి నా చేతికిస్తూ, "శుక్రవారం మళ్లీ తేవాలి. ఇవి అచ్చొచ్చాయి" అంది.

శుక్రవారం, జులై 5. క్వార్టర్ ఫైనల్, స్పెయిన్‌తో, మా ఊళ్లోనే, సాయంత్రం ఆరింటికి. డబ్బాలో మూడు సకినాలే మిగిలాయి. ఆవిడ పళ్లెంలో మనిషికొకటి పెట్టింది. జులై ఎండ, ఇక్కడి పాత ఇళ్లలో ఏసీ ఉండదు, అయినా కిటికీలన్నీ బిగించేసింది. స్టేడియం కేక ముందే వినపడితే ఆట పాడవుతుందని. ఆ ఉక్కలో ముగ్గురం చెమటలు కక్కుతూ కూర్చున్నాం. 51వ నిమిషంలో ఓల్మో గోల్. స్పెయిన్ 1-0. అప్పుడు నా నోట్లోంచి ఊడిపడింది. "మొదటి సగమంతా విర్ట్స్‌ను బెంచీ మీద ఎవడు కూర్చోబెట్టమన్నాడు? ఎమ్రె చాన్‌తో ఏం పని? ఈ కోచ్‌కు బుర్ర ఉందా?"

గది నిశ్శబ్దమైంది. తప్పు మాట్లాడానేమో అనుకున్నాను. పెద్దాయన నెమ్మదిగా నావైపు తిరిగాడు. "నువ్వన్నది నిజం" అన్నాడు.

డు. ఆరేళ్లలో మొదటిసారి. ఆయన గమనించుకున్నట్టు లేడు.

89వ నిమిషంలో, మా ఊరి క్లబ్‌కు ఆడే మిట్టెల్‌స్టెట్ ఎడమవైపు నుంచి బంతి వేశాడు, కిమ్మిష్ తలతో దించాడు, విర్ట్స్ కొట్టాడు. బంతి స్తంభానికి తగిలి లోపలికి పోయింది. కిటికీలు మూసినా స్టేడియం కేక గోడల్లోంచి వచ్చింది. అదనపు సమయం. 106వ నిమిషంలో ముసియాలా కొట్టిన బంతి స్పెయిన్ ఆటగాడు కుకురెయ్య చేతికి తగిలింది. చెయ్యి చాపి ఉంది. తగిలిన చప్పుడు నాకు వినిపించిందని ఒట్టు పెట్టి చెబుతాను. రిఫరీ ఆట ఆపలేదు. నేను లేచి నిలబడి, కరీంనగర్ తెలుగులో, "కండ్లు కనవడ్తలేవారా నీకు!" అని అరిచాను. ఆయన ష్వాబ్ యాసలో ఇంకేదో అరిచాడు. ఒకరి మాట ఒకరికి అర్థం కాలేదు, ఒకరి మాటకు ఒకరం తలూపాం. "ఆ గీత ఎక్కడ? నీ గీత చూపించమను!" అని నన్ను గద్దించాడు. ఆ సెప్టెంబరులో యూరప్ ఫుట్‌బాల్ సంఘం రిఫరీల కమిటీయే అది పెనాల్టీ అని ఒప్పుకుంది. సెప్టెంబరులో ఎవరికి కావాలి?

119వ నిమిషంలో స్పెయిన్ ఆటగాడు మెరీనో గాల్లోకి లేచి తలతో కొట్టాడు. 2-1. ఆవిడ లేచి కిటికీ తెరిచింది. చల్లగాలి వచ్చింది. ఇంకేమీ రాలేదు. పెద్దాయన చాలాసేపటికి, "నూట పంతొమ్మిది" అన్నాడు. 2006లో డోర్ట్‌మండ్ సెమీఫైనల్లో ఇటలీ గ్రోసో కొట్టింది కూడా నూట పంతొమ్మిదో నిమిషంలోనేనట. రెండుసార్లూ సొంత ఇంట్లోనే. తెర మీద టోనీ క్రోస్, ఆటగాడిగా అతనికి అదే ఆఖరి మ్యాచ్, మైదానంలో నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. 'పాపం, బాగా ఆడారు' అన్న మాట నాకు గుర్తు కూడా రాలేదు. ఆయనా నేనూ ఇంకో గంటసేపు కోచ్‌నూ, రిఫరీనీ, ఫుల్‌క్రుగ్ కొడితే అడ్డొచ్చిన స్తంభాన్నీ వదలకుండా తిట్టుకున్నాం. పళ్లెంలో ఆయన సకినం అలాగే ఉండిపోయింది.

పొద్దున అమ్మ ఫోన్ చేసింది.

"ఏంరా, గొంతు గట్ల బొంగురువోయింది?"

"రాత్రి మనోళ్లు ఓడిపోయిన్రమ్మా."

"మనోళ్లా? మనోళ్లు మొన్ననే కప్పు గెలిసిన్రు గదరా! బొంబైల ఊరేగింపు గూడ జేసిన్రు, టీవీల జూపెట్టిన్రు."

"గా మనోళ్లు గాదమ్మా."

"మరి ఏ మనోళ్లురా?"

జవాబు వెతుక్కుంటుంటే బయట మెట్ల మీద చప్పుడైంది. మళ్లీ చేస్తానని పెట్టేసి తలుపు తీశాను. పెద్దాయన నా తలుపు పిడికి పలక తగిలిస్తున్నాడు. కళ్ల కింద నల్లగా ఉంది.

"నమస్కారం. ఈ వారం మీది" అన్నాడు. జీ. "మూల మెట్టు మర్చిపోకండి."

సరేనన్నాను. ఆయన కమ్మీ పట్టుకుని రెండు మెట్లెక్కి ఆగాడు. వెనక్కి తిరగలేదు.

"అది పెనాల్టీయే" అన్నాడు.